మోటారు మీది అంకె, ప్రొపెల్లర్ మీది లెక్క

మోటారు అంటే తెలియని రైతుబిడ్డ మన తెలంగాణలో ఉండరు. కరెంటు ఎప్పుడొస్తుంది, బోరు ఎప్పుడు ఎత్తిపోస్తుంది, మోటారు ఎప్పుడు కాలుతుంది అన్న మాటలు వింటూనే పెరిగాం. కాలిన మోటారును బండి మీద వేసుకుని జనగామ పోయి వైండింగు చేయించుకు రావడం మా ఇంట్లో ఏటా జరిగే తంతు. అట్లాంటి ఇంట్లో పుట్టి, బి.ఎస్సీ.లో ఫిజిక్సు చదువుతూ కూడా, నేను ఒక మోటారును చేజేతులా కాల్చాను. అది బోరు మోటారు కాదు. అరచేతిలో ఇమిడే, 50 గ్రాములు కూడా తూగని డ్రోను మోటారు. అది ఎందుకు కాలిందో తెలుసుకునే ప్రయత్నంలో నేర్చుకున్న నాలుగు ముక్కలు మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

100 గొప్పదా? 1400 గొప్పదా?

పోయిన వానాకాలం మా ఊరికి పత్తి చేలలో మందు కొట్టే డ్రోను వచ్చింది. పది లీటర్ల ట్యాంకు, ఆరు రెక్కలు. పిల్లా పెద్దా గట్ల మీద నిలబడి చూశాం. దిగిన తర్వాత నేను దగ్గరికి పోయి మోటారు మీది అక్షరాలు చదివాను. దాని మీద 100 కేవీ అని ఉంది. పక్కనే ఉన్న మా నాయన, "కేవీ అంటే మన ట్రాన్స్‌ఫార్మరు మీద రాసేదేనా?" అని అడిగాడు. "కాదు నాయినా, వేరే" అన్నానే గాని, ఆ వేరేది ఏమిటో నాకూ సరిగా తెలియదు.

అప్పటికే నాకు సొంతంగా ఒక చిన్న డ్రోను కట్టాలనే కోరిక. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది గాని విడిభాగాలను ఆపలేదు. కాబట్టి ముక్కలు కొని కట్టుకోవడమే దారి. పత్తి అమ్మిన పైసల్లోంచి మా నాయన ఐదు వేలు చేతిలో పెట్టాడు. హిమాయత్‌నగర్‌లో నేనుండే గది నుంచి నారాయణగూడ, కింగ్ కోఠి మీదుగా నడిచి కోఠి గుజరాతీ గల్లీకి చేరాను. అక్కడ 2212 సైజు మోటార్లు మూడు రకాలు కనిపించాయి. 1000 కేవీ, 1400 కేవీ, 2200 కేవీ. ధర ఇంచుమించు ఒకటే. అదే ధరకు పెద్ద అంకె వస్తుంటే చిన్నది ఎవరు తీసుకుంటారు? 2200 మరీ ఎక్కువేమోనని మధ్యలోది పట్టుకున్నాను. నాలుగు 1400 కేవీ మోటార్లు, వాటికి పది అంగుళాల ప్రొపెల్లర్లు.

గదికి వచ్చి డాబా మీద ఒక మోటారును చెక్కకు బిగించి పూర్తి థ్రాటిల్ ఇచ్చాను. మొదటి పది సెకన్లు గాలి హోరు వినడానికి గొప్పగా ఉంది. అరనిమిషానికి వాసన వచ్చింది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన వాసనే, కాలిన వైండింగు వాసన.

బ్రష్షులు లేని మోటారు

ముందుగా ఈ మోటారు సంగతి చూద్దాం. మనం ఇంటర్మీడియట్ పుస్తకంలో చదువుకున్న డి.సి. మోటారులో తీగచుట్ట తిరుగుతుంది, అయస్కాంతం నిలబడి ఉంటుంది. తిరిగే చుట్టకు కరెంటు అందించడానికి కార్బన్ బ్రష్షులు కావాలి. అవి రాసుకుని అరిగిపోతాయి, నిప్పురవ్వలు లేస్తాయి.

బ్రష్‌లెస్ మోటారులో ఈ అమరిక తిరగబడింది. తీగచుట్టలు లోపల కదలకుండా ఉంటాయి. అయస్కాంతాలు అతికించిన బయటి గిన్నె వాటి చుట్టూ తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఈఎస్‌సీ అనే ఎలక్ట్రానిక్ పరికరం చూసుకుంటుంది. ఇట్లా బ్రష్షుల పనిని ట్రాన్సిస్టర్ల వంటి పరికరాలతో చేయించే డి.సి. యంత్రాన్ని 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు వివరించారు. తర్వాత 1980లలో నియోడిమియం అయస్కాంతాలు రావడంతో చిన్న మోటారుకు పెద్ద బలం వచ్చింది.

2212 అంటే లోపలి స్టేటరు 22 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల ఎత్తు అని. మోటారు ఎంత పని చేయగలదో స్థూలంగా చెప్పేది ఈ సైజే. ఇనుము, రాగి, అయస్కాంతం ఎంత ఎక్కువ ఉంటే అంత వేడిని అది తట్టుకుంటుంది. 1000 కేవీకి, 1400 కేవీకి ఈ సైజు ఒకటే. అంటే రెండింటి సత్తా దాదాపు సమానం. మరి తేడా ఎక్కడ?

కేవీ అంటే కిలోవోల్టు కాదు

ఊరి మీదుగా పోయే 11 కేవీ లైనులో కేవీ అంటే కిలోవోల్టు. మోటారు మీది కేవీ వేరు. ఏ బరువూ లేకుండా వదిలితే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులు. 1000 కేవీ మోటారు దాని మీద నిమిషానికి 11,100 చుట్లు, 1400 కేవీ మోటారు 15,540 చుట్లు ఉత్తగా తిరుగుతాయి.

అంతకన్నా ఎక్కువ ఎందుకు తిరగవు? తిరిగే మోటారు తనలో తానే జనరేటరు అవుతుంది కాబట్టి. అది పుట్టించే ఎదురు వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని దాదాపు అందుకున్న చోట వేగం నిలబడుతుంది. ఆ స్థితిలో కరెంటు చాలా కొద్ది, సుమారు అర ఆంపియరు. ప్రొపెల్లర్ తగిలిస్తే వేగం తగ్గుతుంది, ఎదురు వోల్టేజి తగ్గుతుంది, ఆ తగ్గిన మేరకు కరెంటు లోపలికి వస్తుంది. 1000 కేవీ మోటారు నిరోధం సుమారు 0.09 ఓములు. అసలు తిరగకుండా గట్టిగా పట్టుకుంటే 11.1 వోల్టులను 0.09తో భాగించండి, 120 ఆంపియర్లు దాటుతుంది! ఇసుక పట్టి బిగుసుకుపోయిన బోరు మోటారు నిమిషాల్లో ఎందుకు కాలుతుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

కేవీకి ఇంకొక ముఖం ఉంది. ఒక ఆంపియరుకు మోటారు ఎంత మెలి బలం, అంటే టార్కు ఇస్తుందో తెలియాలంటే 9.55ను కేవీతో భాగించాలి. 1000 కేవీకి 0.0096 న్యూటన్ మీటర్లు, 1400కు 0.0068. మా ఊరికి వచ్చిన 100 కేవీకి 0.0955. అంటే ఒక్కొక్క ఆంపియరుకు అది నా మోటారు కన్నా 14 రెట్లు గట్టిగా మెలితిప్పుతుంది. మందు కొట్టే డ్రోనుకు అటువంటి మోటార్లు పెట్టి, 30 అంగుళాల రెక్కలు తగిలించి, ఎక్కువ వోల్టుల బ్యాటరీతో నెమ్మదిగా తిప్పుతారు.

పందెపు ఎడ్లు వేరు, దుక్కిటెడ్లు వేరు. ఎక్కువ కేవీ పందెపు జోడు, తక్కువ కేవీ దుక్కి జోడు. ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అని కాదు. ఏ పనికి ఏది కట్టామన్నదే ప్రశ్న. నేను చేసిందేమిటి? పందెపు ఎడ్లకు పెద్దనాగలి కట్టాను.

అసలు బరువు ప్రొపెల్లర్

ప్రొపెల్లర్ మీద 1045 అని ఉంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 4.5 అంగుళాలు. మెత్తటి కర్రలో మరను తిప్పినట్టు గాలిలో జారకుండా తిరిగితే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరమే పిచ్. నాగలితో పోలిస్తే వ్యాసం చాలు వెడల్పు, పిచ్ కర్రు దిగే లోతు. రెండింట్లో ఏది పెంచినా ఎడ్ల మీద భారం పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందన్నదే అసలు సంగతి. ఒకే ఆకారం గల ప్రొపెల్లర్లకు పైకి తోసే బలం, అంటే థ్రస్టు, వేగం వర్గానికీ వ్యాసం నాలుగో ఘాతానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. కావలసిన పవర్ వేగం ఘనానికీ వ్యాసం అయిదో ఘాతానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ రెండు వాక్యాలూ గుర్తుంటే చాలు, తక్కినదంతా గుణకారమే. పది అంగుళాల రెక్క తీసి పదకొండు అంగుళాలది పెట్టామనుకోండి. ఒక్క అంగుళమే గదా అనిపిస్తుంది. అదే వేగానికి థ్రస్టు 46 శాతం పెరుగుతుంది, పవర్ మాత్రం 61 శాతం పెరుగుతుంది.

కాబట్టి మిత్రులారా, మోటారు ఎంత కరెంటు లాగాలో మోటారు మీది అంకె ఒక్కటే నిర్ణయించదు. తగిలించిన ప్రొపెల్లర్ నిర్ణయిస్తుంది. మోటారు పాపం కాదనలేదు. అడిగినంత ఇస్తూ ఇస్తూ కాలిపోతుంది.

నా మోటారు ఎందుకు కాలింది?

ఇప్పుడు లెక్క తేలిక. అదే ప్రొపెల్లర్, అదే బ్యాటరీ. కేవీ 1000 బదులు 1400. వేగం 1.4 రెట్లయితే పవర్ 1.4 ఘనం, అంటే 2.74 రెట్లు. వోల్టేజి మారలేదు గనుక కరెంటే 2.74 రెట్లు కావాలి. నిజానికి వేగం కొంత పడిపోయి కాస్త తగ్గుతుంది గాని ప్రమాదం తప్పదు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అది 7.5 రెట్లు. 1400 కేవీలో చుట్లు తక్కువ, తీగ లావు, నిరోధం దాదాపు సగం. అది కలుపుకున్నా వేడి నాలుగు రెట్లకు దగ్గర.

పైగా నేను చదివీ అర్థం చేసుకోని మాట ఇంకొకటుంది. మోటారు కాగితం మీద కరెంటు పరిమితి పక్కన 60 సెకన్లు అని ఉంటుంది. 12 ఆంపియర్లు, 60 సెకన్లు అంటే 12 ఆంపియర్లను ఒక్క నిమిషం పాటే ఓర్చుకుంటుందని. రోజంతా మోయగలదని కాదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. బలం తగ్గితే అదే పనికి ఇంకా కరెంటు కావాలి, ఇంకా వేడెక్కుతుంది. ఒకసారి ఈ ఊబిలో దిగిన మోటారు తేలదు.

దసరాకు ఇంటికి పోయి కాలిన మోటారును మా నాయన చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తిడతాడనుకున్నాను. జరిగింది విని ఇట్లా అన్నాడు: "లోతు బోరు పంపును తీస్కపోయి బాయిల దించితే ఏమైతది బిడ్డా? నీళ్లు ధారగ దుంకుతయి. మనం సంబురపడుతం. జర సేపటికి మోటారు కాలుతది. నీళ్లెక్కువ పోసుడంటే కరెంటెక్కువ గుంజుడే గద."

నేను నివ్వెరపోయాను. ఎక్కువ హెడ్డుకు చేసిన సెంట్రిఫ్యూగల్ పంపును తక్కువ లోతులో నడిపితే నీళ్లు ఎక్కువ పోస్తుంది, మోటారు మీద భారం పెరుగుతుంది. డాబా మీద నేను విన్న గాలి హోరు, మా నాయన చెప్పిన నీళ్ల ధార ఒకటే. ఘాతాలూ వర్గాలూ లేకుండా ఆయనకు తెలిసిన సూత్రం, ఘాతాలూ వర్గాలూ చదివిన నాకు తట్టలేదు. పుస్తకం తప్పు కాదు, మా నాయన చదువుకోకపోవడం గొప్పా కాదు. రెండూ ఒకచోట కలవలేదు, అంతే.

ఉన్నదాన్ని సరిదిద్దడం

మూడు మోటార్లు మిగిలాయి. వాటిని పారేసి కొత్తవి కొనే స్తోమత లేదు. మరి 1400 కేవీకి ఎంత రెక్క పెట్టాలి? పవర్ పెరగకూడదంటే వేగం ఘనం పెరిగినంత మేర వ్యాసం అయిదో ఘాతం తగ్గాలి. 2.74కు అయిదో మూలం తీసి పదిని దానితో భాగిస్తే 8.2 అంగుళాలు వస్తుంది. అంటే 8 అంగుళాల రెక్క. మళ్లీ గుజరాతీ గల్లీకి పోయి ఒక మోటారు, నాలుగు 8045 ప్రొపెల్లర్లు తెచ్చాను.

ఈ లెక్కలోనే ఇంకొక పాఠం దాగి ఉంది. 8.2 అంగుళాల రెక్కతో పవర్ సమానమే గాని థ్రస్టు 13 శాతం తక్కువ. అదే విద్యుత్తుకు తక్కువ ఫలం. కారణం 19వ శతాబ్దంలో రాంకిన్, ఫ్రౌడ్ చెప్పిన సూత్రంలో ఉంది. ఎక్కువ గాలిని మెల్లగా కిందికి నెట్టడం, కొద్ది గాలిని వేగంగా నెట్టడం కన్నా పొదుపు. 1.2 కిలోల డ్రోను గాలిలో నిలబడాలంటే ఒక్కొక్క రెక్క 300 గ్రాములు మోయాలి. సూత్రం ప్రకారం కనీసపు పవర్ 10 అంగుళాల రెక్కకు సుమారు 15 వాట్లు, 8 అంగుళాలదానికి 19 వాట్లు. మోటారులో, రెక్కలో పోయేవి కలుపుకుంటే నిజంగా కావలసింది దాదాపు రెట్టింపు. 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 80 శాతం మాత్రమే వాడుకుంటే మొదటి పద్ధతిలో 9 నిమిషాలు, రెండో పద్ధతిలో 7 నిమిషాల చిల్లర. పెద్ద అంకె మీద మోజుకు నేను కట్టిన వెల, కాలిన మోటారు కాక, ఎగిరిన ప్రతిసారీ రెండు నిమిషాలు.

మన గాలి సంగతి

మోటారుతో వచ్చే థ్రస్టు పట్టికలను ఎక్కడ, ఏ గాలిలో కొలిచారో చాలాసార్లు రాయరు. ప్రామాణికంగా సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. మన హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత లెక్క వేస్తే 1.06కు దగ్గరగా వస్తుంది, 14 శాతం తక్కువ. అదే వేగంతో తిరిగితే థ్రస్టు కూడా అంతే తగ్గుతుంది. పట్టికలో 800 గ్రాములంటే మన ఎండకు 690 అనుకోవాలి.

అందుకే కొలుచుకోవడం మేలు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద బరువైన చెక్క, చెక్కకు మోటారు. గాలి పైకి పోయేటట్టు రెక్క బిగిస్తే మోటారు త్రాసును కిందికి నొక్కుతుంది. పెరిగిన గ్రాములే థ్రస్టు. మధ్యలో ఒక వాట్ మీటరు పెడితే కరెంటు తెలుస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. రెక్క తిరిగే వరుసలో ఎవరూ నిలబడరాదు. తీగలు కలిపేటప్పుడు, రిమోట్ సరిచూసేటప్పుడు రెక్క తీసేయాలి. 8 అంగుళాల రెక్కతో నాకు వచ్చిన గరిష్ఠ థ్రస్టు 640 గ్రాములు, కరెంటు 12 ఆంపియర్ల లోపు. నాలుగింటికి 2,560 గ్రాములు. మొత్తం థ్రస్టు డ్రోను బరువుకు కనీసం రెండింతలుండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 1.2 కిలోలకు 2,400 కావాలి. గట్టెక్కింది.

కొనేముందు

కొత్తగా కట్టేవారు ఈ వరుసలో ఆలోచించండి. మొదట మొత్తం బరువు వేసుకోండి, బ్యాటరీతో సహా. దానికి రెండింతల థ్రస్టును నాలుగుతో భాగించండి. చట్రంలో పట్టేంత పెద్ద రెక్కను ఎంచుకోండి. ఆ రెక్కను తిప్పగల స్టేటరు సైజు చూడండి. ఆ తర్వాత బ్యాటరీ వోల్టులను బట్టి కేవీ. ఆఖరున ఈఎస్‌సీ, గరిష్ఠ కరెంటు కన్నా కొంత ఎక్కువది. నేను చివర చూడవలసిన కేవీని మొదట చూశాను. ఇంకొక మాట. మోటారు, రెక్క మార్చకుండా బ్యాటరీని మూడు సెల్లుల నుంచి నాలుగు సెల్లులకు మార్చితే వేగం మూడో వంతు పెరుగుతుంది, పవర్ 2.37 రెట్లవుతుంది. కాబట్టి రెక్క లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

ఎగరేయడానికి నియమాలున్నాయి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. నాది మైక్రో. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్ల పటం చూడకుండా ఎక్కడపడితే అక్కడ ఎగరేయరాదు. సచివాలయం కూతవేటు దూరంలో ఉన్న హిమాయత్‌నగర్ డాబా దానికి చోటే కాదు. కాలేజీ ద్వారా పద్ధతి ప్రకారం చేద్దామని మా ఆలోచన. అంతదాకా నా డ్రోను బల్ల మీదే ఉంటుంది.

చివరగా ఒక్క మాట. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లు అందించే 'నమో డ్రోన్ దీదీ' పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. డ్రోన్లు ఊళ్లకు వస్తున్నాయి. బోరు మోటారు కాలితే జనగామలో వైండింగు చేసేవాళ్లున్నారు. డ్రోను రెక్క విరిగితే ఏ రెక్క పెట్టాలో చెప్పేవారు ఎవరున్నారు? దొరికిన రెక్క తగిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాది మూడు వందల రూపాయల మోటారు కాబట్టి సరిపోయింది. ఒక సంఘంలోని అక్కలందరి డ్రోనైతే? ఆ పని మనలాంటి సైన్సు విద్యార్థులం, అందులోనూ ఊరి నుంచి వచ్చినవాళ్లం నేర్చుకోవాలి.

మొన్న ఫోనులో మా నాయన అడిగాడు, "ఎప్పుడెగురుతది బిడ్డా?" అని. "రెక్క సరిపోయింది నాయినా, కాయితాలు కావాలె" అన్నాను. "మంచిది. మోటారు జర పట్టి చూస్తుండు, వేడైతే ఆపు" అన్నాడు. ఇంత లెక్క రాసిన తర్వాత నాకు కూడా అంతకన్నా మంచి సలహా తోచడం లేదు.